తోకలో పట్టినన్ని దుంపలు

కొండ మీద కాఫీ తోటలు అయిపోయి రాళ్ళవాలు మొదలయ్యే చోట జంతువుల వాడ ఒకటి ఉంది. ఒకప్పుడు అక్కడ ఒక బంగళా ఉండేది. బంగళా కూలిపోయింది, అందులోవాళ్ళు వెళ్ళిపోయారు, పెరట్లో నాలుగు డాలియా దుబ్బులు మాత్రం మిగిలిపోయాయి. వాటిని ఎవరో తవ్వి పంచారు. పంచుకున్నవాళ్ళు మళ్ళీ పంచారు. గింజలు వేస్తే ఒక్కో గింజకి ఒక్కో రంగు వచ్చింది. అంతే, వాడ మొత్తానికి డాలియా పిచ్చి పట్టుకుంది. కుందేలు గుమ్మంలో పసుపు, అడవిపంది పెరట్లో తెలుపు, ఉడుత కొమ్మ కింద గులాబీ రంగు. దారిలో ఎదురుపడితే తిన్నావా అని అడగడం మానేసి మొగ్గేసిందా అని అడిగేవాళ్ళు.

అందరికంటే ఎక్కువ రకాలు ముళ్ళపంది పైడమ్మ దగ్గర ఉన్నాయి. పద్నాలుగు. ముళ్ళపంది జాతికి దుంపలంటే ప్రాణం కదా, తినాల్సిన దాన్ని తినకుండా నాటుకుంటోందని మొదట్లో అందరూ నవ్వారు. నవ్వితే ఏం, రాలిన తన ముళ్ళనే ఊతంగా గుచ్చి, మొక్కలకి నారతో కట్టి, ఒక్కదాన్నీ వంగిపోనివ్వకుండా పెంచింది.

పైడమ్మ మహా సిగ్గరి. నలుగురిలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒంటి మీద ముళ్ళన్నీ లేచి నిలబడేవి. కోపం వచ్చిందనుకుని ఎదుటివాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేసేవాళ్ళు. ఆమె మాట కూడా ఎంత చిన్నగా ఉండేదంటే, వినాలనుకుని వంగినవాళ్ళకే వినబడేది.

ఆ పద్నాలుగు రకాల్లో ఒకటి నల్లకుంకుమ. ఆరిన కుంకుమ రంగు, అంచుల్లో నలుపు, పళ్ళెమంత పువ్వు. అది ఇంకెవరి దగ్గరా లేదు. ఆ ఏడే గింజలోంచి కొత్తగా వచ్చింది కాబట్టి పైడమ్మ దగ్గర కూడా ఒక్క దుబ్బే ఉంది.

వాడలో ఒక కట్టుబాటు ఉంది. పుష్య పున్నమినాడు పొద్దున్నే అందరూ పూలు తెస్తారు. నాగలి మానేసిన ముసలి ఎద్దు సన్నాసయ్య చూసి, ఏ పువ్వు బాగుందో చెబుతాడు. గెలిచినవాళ్ళకి ఏడాదిపాటు ఊట మడి. కొండ మొత్తం మీద ఎండాకాలంలో కూడా తడి ఆరని మడి అదొక్కటే. మూడేళ్ళుగా అది పైడమ్మ చేతిలో ఉంది. అది పోతే రాళ్ళవాలుకి వెళ్ళాలి. అక్కడ ముళ్ళకంప తప్ప ఏదీ బతకదు. పద్నాలుగు రకాలూ ఒక్క ఎండాకాలంతో సరి.

నక్క గవరయ్య కన్ను ఆ మడి మీద పడింది. పూల మీద ప్రేమతో కాదు. ఊట చుట్టూ రాళ్ళ కింద పీతలున్నాయి. మడి ఎవరిదైతే పీతలూ వాళ్ళవే. పైడమ్మ పీతలు తినదు. అవి అక్కడ హాయిగా పిల్లాపాపలతో కాపురం చేసుకుంటుంటే, గట్టు అవతల కూర్చుని చూడలేక గవరయ్య మూడేళ్ళుగా సగం చిక్కిపోయాడు.

ఫాల్గుణంలో కాడలు ఎండాక దుంపలు తవ్వి దాచుకునే రోజు వచ్చింది. దీనికీ ఒక పద్ధతి ఉంది. దుబ్బు తవ్వి అందరి ముందూ పరవాలి. ఎవరైనా ఒకరు అడిగితే కాదనకూడదు. అడిగినవాళ్ళు రెండు చేతుల్లో పట్టినన్ని ఏరుకోవాలి, మిగిలినవి సొంతదారు దాచుకోవాలి. ఏరేటప్పుడు సొంతదారు చెయ్యి పెట్టకూడదు, పుచ్చువి అంటగడతారేమోనని. నోటిమాట చెప్పడానికి మాత్రం అడ్డు లేదు.

పైడమ్మ నల్లకుంకుమ దుబ్బు తవ్వింది. పాత కాడ మొదలు చుట్టూ పన్నెండు దుంపలతో అది గుడ్డు పెట్టడానికి కూర్చున్న కోడిలా నిండుగా ఉంది. ఇంకా మట్టి దులపలేదు, గవరయ్య వచ్చి ముందు నిలబడ్డాడు.

"వదినా, దుంపలడగడానికి వచ్చాను."

పైడమ్మ ముళ్ళు లేచాయి. "తీసుకోండి మరిదిగారూ" అంది.

"రెండు చేతుల్లో పట్టినన్ని కదా పద్ధతి?"

"అంతే" అన్నాడు సన్నాసయ్య, నెమరేస్తూ.

"మావా, నాకు చేతులేవీ? ఉన్నవి నాలుగూ కాళ్ళే. దేవుడు నాకు పట్టుకోవడానికి ఇచ్చింది ఈ తోకొక్కటే. తోకలో పట్టినన్ని తీసుకుంటాను."

కొమ్మ మీద కూర్చున్న కాకి నూకాలు కావుమని నవ్వింది. "బావా, అది తోకా, ధాన్యం గాదె?"

"నీకు లేదని ఏడవకే."

సన్నాసయ్య కాసేపు ఆలోచించాడు. చేతులు లేని మాట నిజమే. పద్ధతిలో తోక వద్దని ఎక్కడా లేదు. "సరే, తోకే కానీ" అన్నాడు.

గవరయ్య తోకని బుట్టలా గుండ్రంగా చుట్టి దుబ్బు పక్కన పెట్టాడు. దుబ్బుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. లావుపాటి దుంపని పళ్ళతో పట్టుకుని పుటుక్కున కొరికాడు. మెడ దగ్గర నున్నగా తెగి తోకలో పడింది.

పైడమ్మ ఒక్క అడుగు ముందుకొచ్చింది. "మరిదిగారూ, అలా కాదు. ఆ పాత కాడ కొంచెం…"

"కాడెందుకు వదినా? ఎండు పుల్ల. తోకకి గుచ్చుకుంటుంది."

"గుచ్చుకున్నా సరే, మెడ దగ్గర కొంచెం కాడతో పాటు…"

"నాకు దుంప ఏరడం నేర్పుతావా? ఎన్ని తోటల్లో ఎన్ని దుంపలు తవ్వి తిన్నాను."

"తినడానికైతే ఎలా కొరికినా…"

"చూడండర్రా. మంచివన్నీ పోతున్నాయని ఎంత బాధో. చెయ్యి పెట్టకూడదంటే నోరు పెడుతోంది."

నలుగురూ నవ్వారు. పైడమ్మ ముళ్ళు ఇంకా నిటారుగా లేచాయి. ఇక నోరు రాలేదు. రెండో దుంప, మూడో దుంప, పుటుకు పుటుకుమని తొమ్మిది దుంపలు తోకలో పడ్డాయి. ఒక్కొక్కటి ఎలుకపిల్లంత లావు. పాత కాడకి చిటికెన వేలంత సన్నటివి మూడు వేలాడుతూ మిగిలాయి.

"ఇవి నీకుంచాను వదినా. మరీ అన్నీ తీసుకుపోతే బాగుండదు" అని గవరయ్య తోక భద్రంగా చుట్టుకుని, కుంటినడకతో వెళ్ళిపోయాడు. వెనక కాళ్ళ మధ్య గాదె పెట్టుకుని నడవడం అంత తేలిక కాదు మరి.

అందరూ వెళ్ళాక సన్నాసయ్య అడిగాడు. "ఏటమ్మా, ఏదో చెప్పబోయావు?"

"ఇప్పుడు చెప్పి ఏం లాభం మావా" అంది పైడమ్మ. "ఈ మూడూ ఎండాకాలం దాటాలి. లావు దుంపలో నీరుంటుంది, ఆగుతుంది. ఇవి వడిలిపోతాయి. ఇవి పోతే నల్లకుంకుమ పోయినట్టే."

"గవరయ్య దగ్గర తొమ్మిదున్నాయిగా. వాడి దగ్గర్నుంచి మళ్ళీ అడుగుదువుగాని."

పైడమ్మ తల అడ్డంగా ఊపింది.

ఆ ఎండాకాలం ఆమెకి చాలా పొడుగ్గా గడిచింది. పగిలిన కుండలో ఇసక, బూడిద కలిపి మూడు దుంపలున్న ఆ మొదలుని అందులో పెట్టి, రాతి కింద చల్లటి చోట దాచింది. వారానికోసారి తీసి చూసుకునేది. ఇసక మరీ పొడిగా ఉంటే తడిచేత్తో నాలుగు చుక్కలు చిలకరించేది. తడి ఎక్కువైతే కుళ్ళిపోతాయి, తక్కువైతే వడిలిపోతాయి. చైత్రంలో ఒకటి మెత్తబడిపోయింది. జ్యేష్ఠంలో ఇంకొకటి ఎండు మిరపకాయలా ముడుచుకుపోయింది. ఒక్కటి మిగిలింది.

వానలు వెనకబట్టాక ఆ ఒక్క దుంపనీ బయటికి తీసింది. దుంప మెడ పాత కాడని అంటుకునే చోట, ఆవగింజంత ఎర్రటి మొలక కన్ను. పైడమ్మ దాన్ని చూసి ముళ్ళన్నీ పడుకోబెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

అవతల తన మడిలో గవరయ్య కూడా నాటాడు. తొమ్మిది గుంటలు, వరసకి మూడు. కాఫీ తోటలోంచి పేడ ఎరువు ఎత్తుకొచ్చి వేశాడు. ఎండాకాలమంతా దుంపలు ఎలా ఉన్నాయో కూడా చూడలేదు, అయినా ఒక్కటీ చెడలేదు, అంత పుష్టిగా ఉన్నాయి. తొమ్మిది గుంటల దగ్గరా తొమ్మిది కర్రలు పాతి, గట్టు మీద కూర్చుని కాళ్ళు ఊపుకున్నాడు.

నూకాలు వచ్చి వాలింది. "ఏటి బావా, వ్యవసాయంలోకి దిగావు?"

"చూస్తూ ఉండు. పుష్య పున్నమికి తొమ్మిది నల్లకుంకుమలు. వదిన దగ్గర ఒకటే దుంపట, అదీ చిటికెన వేలంత. ఊట మడి నాదే."

"పూయకపోతే?"

"పూయకపోతే ఏడాదంతా ఊట నీళ్ళు నా నోటితో మోసి వదిన మొక్కలకి పోస్తాను. పో, వాడంతా చెప్పుకో."

నూకాలుకి అలాంటి పనులు రెండోసారి చెప్పక్కర్లేదు. సాయంత్రానికల్లా రాళ్ళ కింద పీతలకి కూడా తెలిసిపోయింది.

పది రోజులకి పైడమ్మ మొక్క రెండాకులు వేసింది. ఇరవై రోజులకి జానెడైంది. గవరయ్య మడిలో ఏమీ లేదు.

"ఇంకా లేవలేదా బావా?" అని నూకాలు రోజూ అడిగేది.

"లావు దుంపలే. పెద్దవాళ్ళు నిదానంగా లేస్తారు."

నెలన్నర అయింది.

"ఇంకానా?"

"కింద వేళ్ళు బలపడుతున్నాయి. నీకేం తెలుసు, చెట్టెక్కి కూర్చునేదానికి."

రెండు నెలలైంది. గవరయ్య ఎరువు పెంచాడు. నీళ్ళు పెంచాడు. ఒకరోజు గుంట దగ్గర వంగి, దుంపలతో మంచిగా మాట్లాడాడు. మర్నాడు తిట్టాడు. మొక్క రాలేదు గానీ కలుపు మాత్రం మోకాలెత్తు వచ్చింది. అందులో ఒక తోటకూర మొక్కని చూసి డాలియా అనుకుని మూడు రోజులు కాపలా కూడా కాశాడు.

పైడమ్మ మొక్క నడుమెత్తు అయ్యాక తల తుంచింది. కొమ్మలొచ్చి మొగ్గలేశాక, కొమ్మకి చివరున్న పెద్ద మొగ్గ ఉంచి పక్కనున్న రెండు చిన్న మొగ్గలూ గిల్లేసింది.

నూకాలు గుండె ఆగినంత పనైంది. "అక్కా, ఉన్న ఒక్క మొక్కకీ మొగ్గలు నువ్వే గిల్లుతున్నావా? గవరయ్యకి నువ్వు సాయమా?"

"మూడింటికి వెళ్ళే బలం ఒక్కదానికి వెళుతుంది నూకాలూ. పువ్వు పెద్దదవుతుంది."

"అంటే గిల్లితే పెరుగుతుందా?"

"అన్నీ కాదు. పక్కవి."

ఆ మాట వినాలని నూకాలు కింది కొమ్మకి దిగి మరీ విన్నది.

పుష్య పున్నమి పొద్దున మంచు ఇంకా విడవకముందే అందరూ పూలతో వచ్చారు. అడవిపంది తెల్లది బావుంది. కుందేలు పసుపు కూడా తీసెయ్యడానికి లేదు. పైడమ్మ చివరగా వచ్చింది. నల్లకుంకుమ పువ్వు ఆమె మొహం కంటే పెద్దదిగా ఉంది, ఆ పువ్వు వెనకాల దాక్కుని నడిచొచ్చింది. అందరూ మాట ఆపేశారు.

గవరయ్య ఒట్టి చేతులతో, కాదు, ఒట్టి తోకతో వచ్చాడు. వస్తూనే గొంతెత్తాడు.

"మావా, పువ్వు చూసే ముందు నా మొర వినాలి. ఈవిడ నాకు ఉడకబెట్టిన దుంపలిచ్చింది. తొమ్మిదింటికి తొమ్మిదీ మొలవలేదు. దుబ్బు తవ్వేముందే వేడినీళ్ళు పోసి చంపేసి ఉంటుంది. మోసం చేసినవాళ్ళకి పోటీలో చోటు లేదు కదా. ఈ ఏడు మడి ఎవరికిచ్చినా సరే, ఈవిడకి మాత్రం ఇవ్వకూడదు. ఆ తర్వాత నష్టపోయినవాణ్ణి నేను కాబట్టి, నాకిచ్చినా నేను కాదనను."

జనం గుసగుసలు మొదలుపెట్టారు. తొమ్మిదింటికి తొమ్మిదీ మొలవకపోవడం మామూలు సంగతి కాదు. అడవిపంది పైడమ్మ వైపు అనుమానంగా చూసింది. పైడమ్మ నోరు తెరిచింది, మాట రాలేదు. ముళ్ళు మాత్రం టకటకమని లేచాయి. తప్పు చేసినవాళ్ళు అలాగే బిగుసుకుపోతారని ఎవరో అన్నారు.

సన్నాసయ్య నెమరు ఆపాడు. "తవ్వి చూద్దాం పదండి" అన్నాడు.

అందరూ గవరయ్య మడికి వెళ్ళారు. ఎద్దు కాలి గిట్టతో మొదటి గుంట తవ్వాడు. దుంప బయటికొచ్చింది. నాటినప్పటికంటే లావుగా, నిగనిగలాడుతూ ఉంది. కింద తెల్లటి వేళ్ళు, ముసలాయన గడ్డంలా. రెండోది తవ్వాడు, అదీ అంతే. మూడోది, అదీ అంతే. తొమ్మిదీ బతికే ఉన్నాయి. ఒక్కదానికీ పైన మొలక లేదు.

"ఉడికిన దుంప వేళ్ళు వేస్తుందా గవరయ్యా?" అన్నాడు సన్నాసయ్య.

గవరయ్య కాస్త తడబడ్డాడు. "మరైతే మంచివి తను దాచుకుని, పనికిరానివి నాకు అంటగట్టింది."

"ఏరింది ఎవరు?"

"నేనే అనుకో."

"ఆవిడ చెయ్యి పెట్టిందా?"

"లేదనుకో."

"కొరికింది ఎవరు?"

"పళ్ళు నావే మావా, దాచేదేముంది."

"మరి ఎందుకు మొలవలేదు?"

సన్నాసయ్య పైడమ్మ ముందుకొచ్చి, పెద్ద తల బాగా కిందికి వంచి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు. "ఇప్పుడు చెప్పమ్మా. నాకొక్కడికే చెప్పు చాలు."

పైడమ్మ పువ్వుని కింద పెట్టింది. అందరినీ ఊట మడికి తీసుకెళ్ళి, తన మొక్క మొదట్లో మట్టి తీసి చూపించింది. అక్కడ దుంప మెడ, పాత కాడ ముక్క, రెండూ కలిసిన చోటునుంచే కొత్త కాడ లేచి ఉంది.

"మొలక కన్ను ఇక్కడే ఉంటుంది మావా. మెడా కాడా కలిసే చోట. దుంప ఒంటి మీద ఎక్కడా ఉండదు. కాడ ముక్క లేకుండా కొరికేస్తే దుంప ఊరుతుంది, వేళ్ళేస్తుంది, ఏళ్ళ తరబడి బతుకుతుంది. మొక్క మాత్రం రాదు. మరిదిగారు కన్నులన్నీ నాకే వదిలేసి, ఒట్టి దుంపలు పట్టుకెళ్ళారు."

"ఆ రోజే తెలుసా నీకు?"

"తెలుసు. చెప్పబోయాను."

"చెప్పబోయింది" అని నూకాలు పైనుంచి అరిచింది. "నేను విన్నాను. రెండుసార్లు కాడ కాడ అంది. తోకకి గుచ్చుకుంటుందన్నావు బావా. నోరు పెడుతోందని అందరినీ నవ్వించావు. నేను కూడా నవ్వాను, తప్పయిపోయింది."

అడవిపంది నేల చూపులు చూసింది. గవరయ్య తన తోక వంక చూసుకున్నాడు, నేరం దానిదే అన్నట్టు.

సన్నాసయ్య వెనక్కి వచ్చి పూలన్నీ మరోసారి చూశాడు. చూడ్డానికి ఎక్కువసేపు పట్టలేదు. "ఊట మడి పైడమ్మదే" అన్నాడు. తర్వాత గవరయ్య వైపు తిరిగాడు. "నీ నోటితో నువ్వే ఒక మాటన్నావట. నూకాలు మా అందరికీ చెప్పింది."

"సరదాకన్నాను మావా."

"నీళ్ళు కూడా సరదాగానే మొయ్యి."

మర్నాటి నుంచి గవరయ్య నోట్లో సొరబుర్ర పట్టుకుని ఊట దగ్గర నీళ్ళు ముంచి పద్నాలుగు వరసలకీ పోసేవాడు. పీతలకి ముందు రెండు రోజులు భయం వేసింది. తర్వాత అర్థమైంది, బుర్ర వదిలితే నీళ్ళు ఒలికిపోతాయి, ఒలికితే మళ్ళీ మొదట్నుంచి మొయ్యాలి, కాబట్టి ఈ నోరు తెరుచుకోదు అని. అవి గట్టెక్కి వరసగా కూర్చుని అతను వెళ్ళడం, రావడం చూస్తుండేవి. ఒక పిల్లపీత అయితే అతని కాలి మీద నుంచే నడిచి అవతలకి పోయింది. గవరయ్య కళ్ళు మాత్రం దాని వెంటే వెళ్ళాయి.

ఒకరోజు పైడమ్మ నల్లకుంకుమ మొక్క పక్కన కూర్చుని ఉండగా అతను బుర్రతో వచ్చాడు. పైడమ్మ ముళ్ళు కొంచెమే లేచాయి.

"మరిదిగారూ, వచ్చే ఫాల్గుణంలో దుబ్బు తవ్వుతాను. కావాలంటే మీరే మొదట అడగండి. ఏరేటప్పుడు దుంప లావు చూడకండి. మెడ దగ్గర చూడండి. ఆవగింజంత బొడిపె ఉంటుంది. పాత కాడలోంచి చిన్న చెక్క, అది దాంతో పాటు రావాలి. పళ్ళతో వద్దు, పదునుగా కొయ్యాలి. సన్నటిదైనా అదొక్కటి చాలు."

నోట్లో బుర్ర ఉంది కాబట్టి గవరయ్య మధ్యలో మాట్లాడలేకపోయాడు. మొత్తం విన్నాడు. అతని జన్మలో ఒకరి మాట చివరిదాకా వినడం అదే మొదటిసారి. విన్నాక నీళ్ళు మొక్కకి పోసి, ఖాళీ బుర్ర కింద పెట్టాడు.

"ఇంతేనా వదినా?"

"ఇంతే."

"బుర్రెడు నీళ్ళు పోసినంత సేపు కూడా పట్టలేదు. ఈ ముక్క ఆ రోజే కాస్త గట్టిగా చెప్పుంటే నాకీ చాకిరీ తప్పేది కదా."

"గట్టిగానే చెప్పాను మరిదిగారూ" అంది పైడమ్మ. "నా గట్టి ఇంతే."

గవరయ్య బుర్ర నోట కరుచుకుని, పదమూడో వరస కోసం మళ్ళీ ఊట వైపు నడిచాడు. పీతలు దారిచ్చాయి.

నీతి: ఒకరి దగ్గర వస్తువు అడిగి తీసుకునేవాడు, దాన్ని పెంచినవాళ్ళ మాట కూడా రెండు నిమిషాలు నిలబడి తీసుకుపోవాలి.